తెర రెండో కొస

చింతగింజల అంబలి ఉడికేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదని సంపూర్ణమ్మ నియమం. మాట్లాడితే గరిటె ఆగుతుంది. గరిటె ఆగితే అంబలి అడుగంటుతుంది. అడుగంటిన అంబలి గుడ్డకి పూస్తే రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. రంగు లేచిన తెర చూసిన నాటకాల వాళ్ళు మళ్ళీ గడప తొక్కరు. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ గోదాట్లో దూకడమే. ఆవిడ ఆలోచనలన్నీ ఇలాగే పొయ్యి దగ్గర మొదలై గోదాట్లో తేలేవి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడెంచడంతోనే పొద్దు వాలిపోయి, మేలెంచడానికి ఆవిడకి ఏనాడూ తీరిక చిక్కలేదు.

ఆ సోమవారం పొద్దున్న మాత్రం నియమం తప్పింది ఆవిడే.

"పడవంటే ఎంత పడవే?"

మీనాకుమారి పెరట్లో పరిచిన తెర మీద గొంతుక్కూర్చుని నీళ్ళకి రంగు వేస్తోంది. పరికిణీ మోకాళ్ళ పైకి దోపుకుంది. తల ఎత్తకుండానే, "మన లాంచీ లాంటిది కాదమ్మా, ఓడ. రైలంత ఉంటుందట" అంది.

"రైలంత ఉంటే మాత్రం? రామేశ్వరం దగ్గర రైలుకి రైలే సముద్రంలో కొట్టుకుపోలేదా?"

"అది నేను పుట్టిన కొత్తల్లో."

"దివిసీమ ఉప్పెనో? అదీ నువ్వు పుట్టిన కొత్తల్లోనేనా?"

అరుగు మీద కూర్చుని వజ్రం జిగురు కరిగిస్తున్న వీరాస్వామి నవ్వాడు. "సంపూర్ణం, నిన్ను కూడా పంపిస్తే సరి. సముద్రాన్ని గరిటెతో తిప్పుతూ కూర్చుంటావు, పొంగకుండా."

"మీకు నవ్వులాటగానే ఉంటుంది."

ధవళేశ్వరంలో వాళ్ళది నాటకాల తెరలు రాసే ఇల్లు. వీధి తెర, దర్బారు తెర, అడవి తెర. వీరాస్వామి బొగ్గుతో గీతలు గీస్తే మీనా రంగులు నింపేది. గుడ్డకి ముందు అంబలి పెట్టడం, రంగు ఆరాక వెనకవైపు ఇంకో పల్చటి పూత వెయ్యడం సంపూర్ణమ్మ పని. ఇప్పుడు పెరట్లో ఉన్న తెర మాత్రం గీత దగ్గర్నుంచీ మీనాదే. ఇది ఏ నాటకానికీ కాదు, సిలోను వెళ్ళే తెర.

గురువారం సాయంత్రం రైలుకి మీనా మద్రాసు వెళ్ళాలి. అక్కణ్ణుంచి రామేశ్వరం, అక్కడ ఓడెక్కి సిలోను, కాండీ అనే ఊళ్ళో రెండు నెలలు. పంపేవాళ్ళు 'పొరుగు దేశాల యువకళాకారుల సమాఖ్య'. మన దేశం, సిలోను, నేపాలు, బంగ్లాదేశు - నాలుగు దేశాల్లో బొమ్మలు వేసేవాళ్ళనీ, పాటలు పాడేవాళ్ళనీ, నాటకాలకి దీపాలూ తెరలూ కట్టేవాళ్ళనీ, పాతికేళ్ళ లోపు పిల్లల్ని, ఒకచోట చేర్చి ఒకరి పని ఒకరికి నేర్పిస్తారట. పోయిన నాటక పరిషత్తు పోటీల్లో మీనా రాసిన అడవి తెర చూసి, మద్రాసు నుంచి వచ్చిన సత్యలక్ష్మిగారు అనే ఆవిడ స్టేజీ వెనక్కి వచ్చి మరీ, "ఎవరమ్మా ఇది వేసింది?" అని అడిగింది. రాజమండ్రి శాఖకి ఉన్నది ఒక్క చోటు. ఆ చోటు మీనాది.

సంపూర్ణమ్మకి సిలోను అంటే రేడియోలో పాటలొచ్చే ఊరనే తెలుసు. పాటలు ఇక్కడికి రావడంలో ఆవిడకేం అభ్యంతరం లేదు. పిల్ల అక్కడికి వెళ్ళడమే.

"నీలం అయిపోయిందమ్మా" అంది మీనా చిప్ప వంచి చూస్తూ. "ఇంకా ఈ మూలంతా నీళ్ళున్నాయి."

"నేను తెస్తాను రాజమండ్రి వెళ్ళి" అంది సంపూర్ణమ్మ.

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రోడ్డు దాటాలంటే వీధిలో వెళ్ళే ఎవర్నో ఒకర్ని చెయ్యి పట్టుకోమనే మనిషి.

"నువ్వా?"

"ఏం, బస్సులు నన్నెక్కించుకోవా?" అంటూ కుండ దింపి, దాని మీద చేతికందిన రేకు మూత పెట్టింది.

"అమ్మా! అది మూత కాదని ఎన్నిసార్లు చెప్పాలి?" మీనా గబుక్కున లేచొచ్చి రేకు తీసి, మెరిసే నెమలి బొమ్మ మీద పడ్డ ఆవిరి చెమ్మని ఓణీతో తుడిచింది. ఢాకాలో రిక్షాలకి బొమ్మలు వేసే అబ్బాయి సమాఖ్య ద్వారా పంపిన రేకు అది. ఆ అబ్బాయీ కాండీ వస్తున్నాడు. ఆ నెమలి తోకలో గులాబీ రంగు పక్కన పచ్చ రంగు కొట్టుకోకుండా ఎలా నిలబడిందో అతన్ని అడగాలని మీనా ఆశ.

ఆ అబ్బాయి ఎలాంటివాడో ఏమో, అనుకుంది సంపూర్ణమ్మ.  చెప్పులు వేసుకుంది.

*

గోపాలకృష్ణమూర్తిగారిది మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు. నాటక పరిషత్తుకి ఆయనే కార్యదర్శి, సమాఖ్య రాజమండ్రి శాఖకీ ఆయనే కార్యదర్శి. ఊళ్ళో ఎక్కడ పూలదండ ఉంటే అక్కడ ఆయన మెడ ఉండేది.

"రండమ్మా, రండి. వీరాస్వామి కులాసాయేనా? ఒరేయ్, అమ్మగారికి పరుపు మీద చోటివ్వండి."

సంపూర్ణమ్మ తెల్ల పరుపు అంచున, దాన్ని మాపుతానేమోనని సగమే కూర్చుంది. దారంతా కూడబలుక్కున్న మాటలు నోటికి రాలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "బాబుగారూ, పిల్లని పంపడం నాకిష్టం లేదండి" అనేసింది.

ఆయన కళ్ళజోడు తీశాడు.

"అదేంటమ్మా, అంతా సిద్ధమయ్యాక?"

"ఆయనతో చెబితే నవ్వుతారు. పిల్ల అసలే వినదు. సముద్రం అండీ, ఎరగని మనుషులు, ఎరగని తిళ్ళు. జ్వరమొస్తే చూసే దిక్కెవరు? మీరు పెద్దలు. ఏదో వంక చెప్పి ఆపెయ్యండి బాబూ. నేను చెప్పినట్టు మాత్రం తెలియనివ్వకండి. మీకు దణ్ణం పెడతాను."

మాట బయటికి వచ్చేశాక ఆవిడకి కాస్త తేలికైంది. ఇక ఆయన మందలిస్తాడు. "మతి పోయిందా అమ్మా, జిల్లా మొత్తానికి ఒక్క పిల్లకి వచ్చిన అవకాశం, మేమంతా లేమా, సత్యలక్ష్మిగారు లేరా" అని నాలుగు చివాట్లు పెడతాడు. తను నాలుగు మాటలు ఎదురు చెప్పి, ఓడిపోయి, ఆ ధైర్యం కొంగున కట్టుకుని ఇంటికి వెళ్ళొచ్చు. నిజానికి ఆవిడ వచ్చింది అందుకే.

ఆయన మందలించలేదు.

"నూటికి నూరు పాళ్ళూ నిజం చెప్పారు. తల్లి మనసు తల్లి మనసే. ఒరేయ్, అమ్మగారికి గోలీ సోడా తీసుకురా" అన్నాడు. సోడా వచ్చేలోపే టెలిఫోను దగ్గరికి లాక్కున్నాడు. "భీమరాజుగారూ, నేనేనండి... మీరడిగిన సంగతేనండి. చూస్తే వీలయ్యేలాగే ఉంది... ఆఁ, అబ్బాయిని బట్టలు సర్దుకోమనండి."

సంపూర్ణమ్మ సోడా గుక్క మింగింది. ముక్కుల్లోకి ఎగదన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భీమరాజుగారెవరో తెలియని వాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. రెండు రైసు మిల్లులు. పరిషత్తు బహుమతులన్నీ ఆయన పేరు మీదే ఇస్తారు.

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండమ్మా" అన్నాడు గోపాలకృష్ణమూర్తి.

నిశ్చింత అన్న మాట ఆవిడకి కొత్త. బస్సులో కూర్చున్నంతసేపూ ఎక్కడుందా అని వెతుక్కుంది. ధవళేశ్వరంలో దిగి కాలవ గట్టు మీద సగం దూరం నడిచాక, తను వచ్చిన పని నీలం కోసమని గుర్తొచ్చింది.

*

"నీలం మర్చిపోయావా?" మీనా నమ్మలేనట్టు చూసింది. "తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటే గాని కదలవు, నువ్వు మర్చిపోవడమేంటమ్మా?"

"ఎండకి తల తిరిగింది."

మీనా లేచింది. పక్కింటి ఏసమ్మ టీచరు దగ్గరికెళ్ళి బట్టలకి పెట్టే నీలిమందు ఇంత అడిగి తెచ్చుకుంది. జిగురులో కలిపి మిగిలిన మూల నింపింది. ఆ కాస్త మేర నీళ్ళు వేరే రకంగా, కొంచెం లోతుగా కనబడ్డాయి. "పోనీలే, అక్కడ సుడి ఉందనుకుంటారు" అని తనే నవ్వేసింది.

మంగళవారం పొద్దున్నే సంపూర్ణమ్మ వెనక పూత వేసింది. మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక తండ్రీ కూతురూ తెరని పెరట్లో దండేనికి ఎత్తి కట్టారు. సంపూర్ణమ్మ ఎప్పటిలాగే వెనకాల నిలబడి, ఎక్కడైనా పూత తక్కువైందేమోనని వేళ్ళతో తడిమి చూస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ తెరలన్నీ వెనక నుంచి చూసిందే. నాటకాలకి వెళ్ళాలంటే జనం తొక్కిడి అని భయం, పందిళ్ళు అంటుకుంటాయని భయం.

"ఇటొచ్చి చూడు సంపూర్ణం" అన్నాడు వీరాస్వామి. ఆ గొంతులో నవ్వులాట లేదు.

ముందుకి వచ్చింది. గోదావరి. అడవి తెరల్లో ఉండే ఉత్తుత్తి నది కాదు. తెల్లవారుజామున ఆనకట్ట అవతల పొగమంచు విడుతున్నప్పటి వాళ్ళ రేవు. ఆఖరి మెట్టు మీద విరిగిన రాయితో సహా ఉంది. మెట్ల మీద ఒకావిడ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళ మీద దూరంగా దేన్నో చూస్తోంది. మొహం కనబడదు. ఎడమ భుజం మాత్రం కొంచెం పైకి ఎగిసి ఉంది. కంగారు పడ్డప్పుడల్లా సంపూర్ణమ్మ భుజం అలాగే ఎగుస్తుందని ఇంట్లో వెక్కిరింత.

"అది నేనా?"

"ఎవరన్నారు?" అంది మీనా కుంచెలు కడుగుతూ. "ఎవరో ఒకావిడ. ఎవరి కోసమో చూస్తోంది."

"ఎవరి కోసం?"

"వచ్చేవాళ్ళ కోసమే అయ్యుంటుంది. వెళ్ళినవాళ్ళు రాకుండా ఎక్కడికి పోతారు?"

సంపూర్ణమ్మ అన్నం వార్చే నెపంతో లోపలికి వెళ్ళిపోయింది. గంజి వంచుతుంటే తొణికి పొయ్యిలో పడింది. పొగంతా కళ్ళలోకే వచ్చింది.

*

గురువారం దక్షిణానికి వారశూల. ఆ దిక్కుకి ఆనాడు బయలుదేరకూడదు. రైలు గురువారమే కాబట్టి, బుధవారం మంచి గడియలో సంచి పొరుగింట్లో పరస్థానం పెడితే ప్రయాణం ఆనాడే మొదలైనట్టు లెక్క. ఈ ఏర్పాటు సంపూర్ణమ్మ వారం కిందటే పంచాంగం చూసి చేసుకుంది. ఇప్పుడు ఆ సంచి ఎక్కడికీ వెళ్ళదని ఆవిడ ఒక్కదానికే తెలుసు. అయినా మానేస్తే ఎందుకు మానేశావంటారు. రెండు లంగా ఓణీలు, రెండు చీరలు, మొగలి ఊడల కుంచెలు, గోంగూర పచ్చడి సీసా సర్ది, సంచి మూతి రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టింది. దొంగ పరస్థానం పెడితే ఏమవుతుందో ఏ పంచాంగంలోనూ రాసి ఉండదు.

ఏసమ్మ గుమ్మంలోనే నవ్వింది. "ఇదేం ప్రయాణం వదినా? పిల్ల ఇంట్లో, సంచి వీధిలోనా?"

"ఒకసారి గడప దాటిన సంచి మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. రేపు ఇటునుంచి ఇటే వెళ్ళాలి. కాస్త జాగ్రత్తగా పెట్టు ఏసమ్మా."

"మా ప్రభువు పటం కింద పెడుతున్నాను. మీ శూలకేం అభ్యంతరం లేదుగా?"

"ఏ దేవుడైతే ఏం, ఎవరో ఒకరు కాపలా ఉంటే చాలు."

ఆ మధ్యాహ్నమే వీధిలో కారు ఆగింది. గోపాలకృష్ణమూర్తిగారు దిగారు. వెనకాలే ఇస్త్రీ మడత నలగని చొక్కాలో భీమరాజుగారి అబ్బాయి అచ్చిబాబు దిగాడు.

"వీరాస్వామీ, ఒక చిన్న మార్పు జరిగిందయ్యా" అని మొదలుపెట్టాడాయన అరుగు మీద కూర్చుని. శాఖ వాళ్ళందరూ కూర్చుని ఆలోచించారట. ఆడపిల్ల, ఒంటరి ప్రయాణం. రేపు ఏదైనా జరిగితే శాఖకి మాట. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరికి సంకోచం ఉన్నా పంపడం న్యాయం కాదు. అందుకని ఈసారికి అచ్చిబాబు వెళ్తాడు. అబ్బాయికి పాస్‌పోర్టు ఎలాగూ ఉంది. మీనా సంగతి వచ్చే ఏడు చూద్దాం.

"సంకోచం ఎవరికుందండీ?" అన్నాడు వీరాస్వామి.

గోపాలకృష్ణమూర్తిగారు జవాబు చెప్పలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. కాని ఆయన చూపు ఒక్క క్షణం వంటింటి గుమ్మంలో నిలబడ్డ సంపూర్ణమ్మ మీదికి వెళ్ళి, మర్యాదగా తప్పుకుంది. మీనా ఆ చూపు వెంటే వెళ్ళింది.

"మీరు బొమ్మలు వేస్తారా అండి?" అని అడిగింది అచ్చిబాబుని.

"నాకెక్కడొస్తాయండి బాబూ!" అన్నాడా అబ్బాయి, అడిగినందుకు సంతోషించినట్టు. "మా నాన్న సిలోను ఓసారి చూసి రమ్మన్నారండి. అక్కడ కొబ్బరి నూనె మిల్లులు బాగుంటాయంటండి."

"కళాభిమాని" అన్నాడు గోపాలకృష్ణమూర్తి తొందరగా. "తెర మాత్రం కారు మీద కట్టించు వీరాస్వామీ. మద్రాసు వాళ్ళు ముఖ్యంగా అదే అడిగారు."

"ఎవరు వేశారని చెబుతారండి?" అని అడిగింది మీనా.

"రాజమండ్రి శాఖ అని చెబుతాం. శాఖంటే అందరం కాదూ, తల్లీ?"

వీరాస్వామి తల వంచుకున్నాడు. పరిషత్తు తెరల పనంతా ఈ కార్యదర్శిగారి చేతి మీదుగా వచ్చేదే. తండ్రి తల వంచడం చూసి మీనా లేచింది. దండెం మీంచి తెర దింపి పరిచింది. చుట్టడానికి నిలువున్నర వెదురు కర్ర ఒక కొసన పెట్టింది. తెర చుట్టాలంటే ఇద్దరుండాలి. చెరో కొస పట్టుకుని, ఒకే బిగువుతో, ఒకే వేగంతో దొర్లించాలి. ఒక్కళ్ళే చుడితే ముడత పడి రంగు చిట్లుతుంది. ఆ ఇంట్లో రెండో కొస ఎప్పుడూ సంపూర్ణమ్మది.

"అమ్మా, ఆ కొస పట్టుకో" అంది మీనా. తల్లి మొహం చూడకుండా అంది.

సంపూర్ణమ్మ వచ్చి వంగింది. మెట్ల మీది ఆవిడ, ఎగిసిన భుజంతో, సరిగ్గా ఆవిడ చేతుల కిందే ఉంది. కర్ర ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆరలేదండి" అంది.

"ఏంటమ్మా?"

"వెనక పూత ఇంకా పచ్చిగా ఉందండి. ఇప్పుడు చుడితే అంటుకుపోతుంది, బొమ్మంతా పాడైపోతుంది. రేపు రైలు వేళకి మేమే స్టేషనుకి తెచ్చి ఇస్తాం."

ఆ ఎండలకి ఆ పూత ఆరడానికి ఒక్క పూట చాలు. నిన్ననే ఎండకి పెళపెళలాడింది. ఆ సంగతి వీరాస్వామికి తెలుసు, మీనాకి తెలుసు. మీనా కర్ర పక్కకి తీసేసింది. గోపాలకృష్ణమూర్తిగారు తెర మీదికి వంగి, వేలు పెట్టబోయి మళ్ళీ ధైర్యం చాలక, "సరే, రేపు ఆలస్యం చెయ్యకండి" అని వెళ్ళిపోయాడు.

*

కారు మలుపు తిరిగేదాకా మీనా కదల్లేదు. తర్వాత కుంచెలన్నీ తెచ్చి, కడిగినవే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"ఏసమ్మత్తయ్య దగ్గర్నుంచి నా సంచి తెచ్చెయ్యి" అంది. "కట్టుకోవడానికి ఇంట్లో ఏం లేవు."

"తేకూడదే."

"వెళ్ళనిదానికి శూలేంటి, పరస్థానమేంటి? నేనే తెచ్చుకుంటాను."

"వద్దమ్మా, గడప దాటిన సంచి..."

"సోమవారం నువ్వు నీలానికి వెళ్ళలేదు కదూ?"

సంపూర్ణమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. మీనా కుంచె చివర్లు పిండుతోంది. చుక్క నీలం లేని నీళ్ళు కారుతున్నా ఇంకా పిండుతూనే ఉంది.

"ఆయన నీ వైపు చూశాడమ్మా. నేను చూశాను."

"అవునే" అంది సంపూర్ణమ్మ. "వెళ్ళాను. ఆపమన్నాను."

మీనా పిండుతున్న కుంచె కింద పెట్టింది.  "నాకు జ్వరమొస్తుందని నీ భయం. ఓడ మునుగుతుందని నీ భయం. వాళ్ళకి నీ భయం ఎంత బాగా పనికొచ్చిందో చూశావా? వాళ్ళు వెతుక్కోనక్కర్లేకుండా నువ్వే తీసుకెళ్ళి చేతిలో పెట్టావు." ఆ పిల్ల కుంచెలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

వీరాస్వామి అరుగు మీద కూర్చుని ఆరిన జిగురు గిన్నె గోటితో గీకుతున్నాడు. ఆయనా భార్య వైపు చూడలేదు. తిడితే బాగుండును అనిపించింది సంపూర్ణమ్మకి. ఇన్నేళ్ళుగా ఆవిడ ఊహించని కీడు లేదు. ఓడలు ముంచింది, పందిళ్ళు తగలబెట్టింది, బస్సులు బోల్తా కొట్టించింది. ఇలాంటిది మాత్రం ఊహకి రాలేదు. చేతులు జోడించి అడిగితే, చివాట్లు పెట్టకుండా సోడా ఇప్పించే మనుషులుంటారని.

*

గురువారం మధ్యాహ్నం సంపూర్ణమ్మ తెర మీద ఒక కొసన కూర్చుని, "మీనా, రా" అని పిలిచింది.

మీనా వచ్చింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని తెర చుట్టారు. పాత దుప్పటి తొడిగి, మూడుచోట్ల తాడు కట్టారు.

"స్టేషనుకి నేను రాను సంపూర్ణం" అన్నాడు వీరాస్వామి. "ఆయన మొహం చూస్తే నాకు నోరు లేవదు. ఇచ్చేసి వచ్చెయ్యండి."

"మీరు రావద్దులెండి" అందావిడ. "రాత్రికి చారు ఉంది, అన్నం మీరే వండుకోవాలేమో. పొయ్యి ఆర్పడం మర్చిపోకండి. ఇల్లంటుకుంటుంది."

వీధిలోకి రాగానే పక్కింటి ముందు ఆగి ఏసమ్మని కేకేసింది. సంచి అందుకుని కూతురి భుజానికి తగిలించింది.

"ఇదెందుకు?" అంది మీనా చిరాగ్గా.

"చెప్పాను కదే. వెనక్కి రాకూడదు."

"వచ్చేటప్పుడు ఎలాగూ తెచ్చుకోవాలిగా!"

"నడు, బస్సు పోతుంది."

తెర బస్సు టాపెక్కింది. దారి పొడవునా సంపూర్ణమ్మ మెడ బయటికి సాచి టాపు వైపే చూస్తూ కూర్చుంది.

ప్లాట్‌ఫారం మీద గోపాలకృష్ణమూర్తిగారు, మిల్లు గుమాస్తాలు, మెడలో బంతిపూల దండతో అచ్చిబాబు. తెర చూడగానే ఆయన మొహం విచ్చుకుంది. "ఆఁ, అలా గోడకి ఆనించి వెళ్ళండమ్మా. చాలా థాంక్స్."

"రైలు వచ్చేదాకా పట్టుకునే ఉంటామండి. ఆనిస్తే వంగుతుంది" అంది సంపూర్ణమ్మ.

రైలు వచ్చింది. విశాఖపట్నంలో ఎక్కిన ఇద్దరు పిల్లలతో సత్యలక్ష్మిగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. సన్నగా, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ దిగి, నేరుగా మీనా దగ్గరికి వచ్చింది. "ఇంత పెద్దది వేశావేంటమ్మాయ్! బండిలో పడుతుందా? పద పద, ఎక్కు."

గోపాలకృష్ణమూర్తి అడ్డం వచ్చాడు. "చిన్న మార్పండి. మీకు ఉత్తరం వేసే వ్యవధి లేకపోయింది. చివరి క్షణంలో ఈ అమ్మాయి తల్లిగారు ఒప్పుకోలేదు. ఆడపిల్ల విషయం, మనం బలవంతం చెయ్యకూడదు కదా. అందుకని శాఖ తరఫున వీరు..."

సత్యలక్ష్మిగారు అచ్చిబాబు దండ వైపు చూసింది, తర్వాత సంపూర్ణమ్మ వైపు తిరిగింది. "మీరు వద్దన్నారా అండి?"

అబద్ధమాడొచ్చు. ఆయన కల్పించాడని అనేయొచ్చు. సంపూర్ణమ్మ ఎడమ భుజం ఎగిసింది. చేతిలో కర్ర కొస జారబోతే గట్టిగా పట్టుకుంది.

"అన్నానండి. సోమవారం ఆయన కొట్టుకెళ్ళి నేనే అన్నాను. భయపడి అన్నాను. ఇప్పుడు భయం పోయిందనుకోకండి, ఇప్పుడూ ఉంది. ఉన్నా పంపిస్తున్నాను. నిన్ననే పరస్థానం కూడా పెట్టేశామండి. సంచి వెనక్కి తీసుకెళ్ళకూడదు."

మీనా తల్లి వైపు చూసింది. నిన్నటి నుంచీ చూడటం అదే మొదలు.

"ఇదేం పద్ధతమ్మా!" గోపాలకృష్ణమూర్తి గొంతు పలచబడింది. "మీరడిగారనే కదా ఇంత చేసింది. భీమరాజుగారికి నేనేం చెప్పను? ఆలోచించుకోండి. పరిషత్తు తెరలు రాసేవాళ్ళు జిల్లాలో వీరాస్వామి ఒక్కడే కాదు."

అంబలి అడుగంటింది, అనుకుంది సంపూర్ణమ్మ. నాటకాల వాళ్ళు గడప తొక్కరు. పొయ్యి దగ్గర నుంచి గోదారి దాకా దారంతా కళ్ళ ముందు కనబడింది. ఎన్నో ఏళ్ళుగా రోజూ నడిచిన దారే.  కర్ర మాత్రం వదల్లేదు.

సత్యలక్ష్మిగారు గడియారం చూసుకుంది. "చూడండమ్మా, నేను మాట ఇవ్వలేను. శాఖ కాదన్న మనిషి విషయం మద్రాసులో కమిటీ తేల్చాలి. శనివారం కూర్చుంటారు. అమ్మాయి పాస్‌పోర్టూ కాగితాలూ మా దగ్గరే ఉన్నాయి కాబట్టి నేను గట్టిగా అడుగుతాను. అచ్చిబాబుగారూ రావచ్చు, ఆయన సంగతీ అక్కడే తేలుతుంది. కాదంటే మాత్రం ఈ పిల్ల మద్రాసు నుంచి తిరిగొచ్చెయ్యాలి. ఒప్పుకుంటారా?"

"నేను వెళ్తాను" అంది మీనా.

ఇంజను కూత వేసింది. తెర గుమ్మంలోంచి తిరగలేదు. మీనా లోపలికెక్కి కిటికీలోంచి అందుకోబోతే కడ్డీలు అడ్డం. అప్పుడు అచ్చిబాబు దండ తీసి గుమాస్తా చేతిలో పెట్టి, "ఇలా ఏటవాలుగా తిప్పండి, మా మిల్లులో గొట్టాలు ఇలాగే ఎక్కిస్తామండి, ఆయ్" అంటూ ముందు కొస ఎత్తి గుమ్మంలోకి దూర్చి, దాంతోపాటే ఎక్కాడు. వెనక కొస పట్టుకున్న సంపూర్ణమ్మ మెట్టెక్కింది, ఇంకో మెట్టెక్కింది, తెరతోపాటే లోపలికి వెళ్ళిపోయింది. పెట్టె కిక్కిరిసి ఉంది. ట్రంకు పెట్టెలు, బుట్టలు, నేల మీద కాళ్ళు. తెర ఒక కొస మీనా ఒళ్ళోకి చేర్చి, అచ్చిబాబు సత్యలక్ష్మిగారి వెనకాలే జనంలోంచి తోసుకుంటూ లోపలికి పోయాడు. రెండో కొస పెట్టడానికి ఎక్కడా చోటు లేదు. కింద పెడితే ఒక్క అడుగు చాలు, రేవు మెట్లన్నీ పిండైపోతాయి.

బండి కుదుపుతో కదిలింది.

"అమ్మా! దిగు, దిగు! కదిలిపోతోంది!"

సంపూర్ణమ్మ గుమ్మం వైపు చూసింది. ప్లాట్‌ఫారం వెనక్కి జరుగుతోంది. గోపాలకృష్ణమూర్తిగారు, బంతిపూల దండ పట్టుకున్న గుమాస్తా, వాళ్ళూ వెనక్కి జరుగుతున్నారు.

"దిగితే ఈ కొస ఎవరు పట్టుకుంటారే?" అంది.

"నీకు టిక్కెట్టు లేదమ్మా!"

"తెలుసు."

టిక్కెట్టు లేదు. మార్చుకోవడానికి చీర లేదు. శూల రోజున, పరస్థానం లేకుండా, మంచినీళ్ళ చెంబు కూడా లేకుండా బయలుదేరింది. టీసీ వచ్చి ఏ అర్ధరాత్రో ఏ ఊళ్ళోనో దించేస్తాడు. ఇంటి దగ్గర ఆయన పొయ్యి ఆర్పడు. శనివారం వాళ్ళు కాదంటారు. కాదనకపోతే ఓడెక్కాలి, అది ఇంకా ఘోరం. ఒక్కొక్కటీ వరసగా వచ్చి ఆవిడ పక్కనే, ఉన్న కాస్త ఇరుకులోనే సర్దుకుని కూర్చున్నాయి.

మీనా కొంచెం జరిగి తల్లికి చోటిచ్చింది.  తన కొసని ఒకసారి ఇటు బిగించి లాగింది, తెర చుట్టేటప్పుడు లాగినట్టే. సంపూర్ణమ్మ అటు బిగించి పట్టుకుంది.

బండి వంతెన ఎక్కింది. కింద సందె వెలుగులో గోదావరి నిండుగా కనబడింది. పెట్టెలో అందరూ కిటికీల వైపు తిరిగి చేతులు జోడించారు. ఒకాయన తన పక్కనున్న ఈవిణ్ణి చూసి, "దణ్ణం పెట్టుకోండమ్మా, గోదారి" అన్నాడు.

సంపూర్ణమ్మ కిటికీలోంచి నీళ్ళ వైపు చూసింది. రెండు చేతుల్లోనూ తెర ఉంది. దణ్ణం పెట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు.